కనిపించని హెక్టారు: బేగంబజార్ పాడి కుటుంబాల మేత చరిత్ర

తరతరాలుగా ఒకే కుటుంబం చేతిలో సాగుతున్న పశుపోషణ అనగానే విశాలమైన పచ్చిక బయళ్ళు కళ్ళముందు కదలాడతాయి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో 1853లో రిచర్డ్ కింగ్ స్థాపించిన కింగ్ రాంచ్ నేటికీ ఆయన వారసుల యాజమాన్యంలోనే ఉంది. మన ఒంగోలు జాతి పశువుల సంతతి నుంచి రూపొందిన నెలోర్ మందలను బ్రెజిల్‌లో అనేక కుటుంబాలు తరాలుగా పెంచుతున్నాయి. అటువంటి పశుక్షేత్రాల చరిత్రకు కొలమానం భూమి. ఎన్ని ఎకరాలు, ఎంత పచ్చిక, ఎన్ని పశువులు అన్న లెక్కలతోనే ఆ చరిత్ర ఆరంభమవుతుంది.

హైదరాబాద్ నగరం నడిబొడ్డున, మూసీ ఉత్తరపు ఒడ్డున ఉన్న బేగంబజార్ పరిసరాల్లో ఇందుకు పూర్తిగా భిన్నమైన వంశపారంపర్య పశుపోషణ కనిపిస్తుంది. ఇరుకు గల్లీ, ఇంటిని ఆనుకొని ఒక కొట్టం, అందులో అయిదు నుంచి ఇరవై వరకు గేదెలు, గోడ పక్కన చొప్ప కట్టలు, తెల్లవారకముందే మొదలయ్యే పాల పితుకుడు: ఇదీ దాని రూపం. తెలంగాణలో బర్రె అని పిలిచే గేదెకు ఇక్కడ మేయడానికి గజం పచ్చిక కూడా లేదు. అయినా ఈ వృత్తి తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు అందుతూ వచ్చింది. భూమి లేకుండా పశుపోషణ తరాలపాటు ఎలా నిలిచింది, ఇప్పుడు ఎందుకు తరిగిపోతోంది అన్న ప్రశ్నలకు సమాధానం మేత చరిత్రలో ఉంది. ఎకరాన్ని ప్రమాణంగా పెట్టుకున్న వ్యవసాయ విస్తరణ వ్యవస్థ ఈ కుటుంబాలను పెద్దగా పట్టించుకోలేదు కనుక, ఆ చరిత్రను విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు తెలుసుకోవలసిన అవసరం ఉంది.

పేర్లలో నిలిచిన ఆనవాళ్ళు

రెండవ అసఫ్ జా నిజాం అలీ ఖాన్ భార్య హుమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో ఈ బజారు వెలసిందని, అందువల్లనే దానికి బేగంబజార్ అన్న పేరు వచ్చిందని ప్రచారంలో ఉన్న కథనం. ప్రాకారం లోపలి నగరం మూసీకి దక్షిణాన ఉండగా ఈ బజారు ఉత్తరపు ఒడ్డున పెరిగింది. కుతుబ్ షాహీల కాలంలో 1578లో నిర్మించిన పురానాపూల్ రెండు ఒడ్డులనూ కలిపింది. మార్వాడీ, గుజరాతీ, గోసాయి సాహుకార్లు ఇక్కడ స్థిరపడ్డారు. పాలు, పెరుగు, నెయ్యి నిత్యావసరాలైన శాకాహార కుటుంబాలు అధిక సంఖ్యలో ఒకేచోట ఉండటం పాడి వృత్తికి మొదటి ఆధారమైంది.

బేగంబజార్‌కు సమీపంలోనే గౌలిగూడ ఉంది. దక్కన్ భాషల్లో గౌళి, గవళి అంటే పాలు అమ్మి జీవించేవాడు; తెలుగులో గొల్ల. నదికి దక్షిణాన గౌలిపుర, గొల్లఖిడికి అన్న పేట పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. ఖిడికి అంటే నగర ప్రాకారంలో రాకపోకలకు విడిచిన చిన్న ద్వారం. నగరం తన పాలవాళ్ళకు ఇచ్చిన చోటు ఏమిటో ఈ పేర్లే చెబుతున్నాయి.

పాడి నగరం లోపలే ఉండటానికి శాస్త్రీయ కారణం ఉంది. శీతలీకరణ లేని రోజుల్లో పితికిన పాలు వేసవి ఉష్ణోగ్రతలో నాలుగయిదు గంటలకు మించి నిలవవు. ఎడ్లబండి వేగంతో పది మైళ్ళ దూరం నుంచి పాలు తేవడం కంటే పశువునే వినియోగదారుని గుమ్మం దగ్గర ఉంచడం మేలు. గడ్డికి, చొప్పకు, తవుడుకు అటువంటి తొందర లేదు. అందువల్ల పాలు కదలకుండా మేత కదిలే ఏర్పాటు రూపొందింది. బేగంబజార్ పాడి కుటుంబాల వృత్తికి పునాది ఈ ఏర్పాటే.

పది గేదెల వెనుక ఎంత భూమి?

కొట్టానికి చేరే మేత ఎక్కడో ఒక పొలంలో పండవలసిందే. సాధారణంగా సిఫారసు చేసే మేత పరిమాణాలతో లెక్కిస్తే ఆ పొలం విస్తీర్ణం తెలుస్తుంది. పాలిచ్చే గేదెకు రోజుకు 25 కిలోల పచ్చిమేత, 5 కిలోల ఎండుమేత అనుకుందాం. పది గేదెల కొట్టానికి ఏడాదికి సుమారు 91 టన్నుల పచ్చిమేత, 18 టన్నులకు పైగా ఎండుమేత కావాలి. నీటి వసతి గల నేలలో పారాగడ్డి హెక్టారుకు ఏటా 80 నుంచి 100 టన్నుల దిగుబడి ఇస్తుంది. అంటే పది గేదెల కొట్టం వెనుక దాదాపు ఒక హెక్టారు గడ్డి పొలం ఉంది. వర్షాధారపు జొన్న హెక్టారుకు 4 టన్నుల చొప్ప ఇస్తుందనుకుంటే మరో నాలుగున్నర హెక్టార్ల చేను కూడా ఉంది. ఇవి గేదెల యజమాని పట్టా పుస్తకంలో ఉండవు. అయినా ఆ భూమి లేనిదే కొట్టం ఒక్క వారం కూడా నడవదు.

ఈ కనిపించని భూమిలో మొదటి భాగం మూసీ తీరంలో ఉంది. రెండవది మెట్ట ప్రాంతాల జొన్న చేలల్లో ఉంది. మూడవది బజారు ధాన్యపు గిడ్డంగుల్లో ఉంది. పాడి కుటుంబాలు తరానికి తరం అందించుకున్న ఆస్తి ఈ మూడింటితో పెంచుకున్న సంబంధమే.

మూసీ గడ్డి

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద అఫ్జల్‌గంజ్, బేగంబజార్ తదితర తీర ప్రాంతాలను ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొంది. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు చేపట్టిన వరద నివారణ పథకంలో భాగంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ నిర్మాణాలు పూర్తయ్యాయి. నగరానికి వరద భయం తగ్గి, తాగునీరు లభించింది. అయితే పైనుంచి వచ్చే సహజ ప్రవాహం జలాశయాల్లో ఆగిపోవడంతో నగరం దిగువన మూసీలో క్రమంగా మురుగునీటి వాటా పెరిగింది. నగరం విస్తరించిన కొద్దీ ఆ ప్రవాహం ఏడాది పొడవునా ఆగకుండా సాగింది.

అంబర్‌పేట మొదలు ఉప్పల్, ఆ దిగువ గ్రామాల వరకు నది పక్కన వరి పండించిన రైతులకు ఈ నీరు మొదట లాభంగా, తరువాత సమస్యగా పరిణమించింది. మురుగులోని అధిక నత్రజని వల్ల వరి ఏపుగా పెరిగి పడిపోతుంది. తాలు గింజలు ఎక్కువవుతాయి. అదే నత్రజని పారాగడ్డికి బలం. ఆఫ్రికా మూలాలున్న ఈ బహువార్షిక గడ్డి (బ్రాకియేరియా మ్యూటికా) నీరు నిలిచే నేలను తట్టుకుంటుంది. కాండం ముక్కలతో నాటిన 75, 80 రోజులకు మొదటి కోత, ఆ తరువాత 30 నుంచి 40 రోజులకు ఒక కోత వస్తుంది. ఒకసారి నాటితే కొన్నేళ్ళపాటు మళ్ళీ దున్నే పని ఉండదు. వరి నుంచి పారాగడ్డికి జరిగిన ఈ మార్పును అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ పరిశోధకులు స్టెఫానీ బ్యూక్లర్, గాయత్రీదేవి 2000 దశకం ఆరంభంలో మూసీ వెంట చేసిన అధ్యయనాల్లో నమోదు చేశారు. గడ్డి కోసేవారు, మోసేవారు, బండ్లపై నగరానికి చేర్చేవారు, మండీలో అమ్మేవారు, చివరకు పాడి కుటుంబాలు ఒకే జీవనోపాధి గొలుసులో భాగమని ఆ అధ్యయనాలు చూపాయి.

ఈ గొలుసులో పోషకాల పయనం గమనించదగినది. పది గేదెలు రోజుకు ఒక్కొక్కటి 20 కిలోల చొప్పున పేడ వేస్తే ఏడాదికి 73 టన్నులు అవుతుంది. పచ్చి పేడలో నత్రజని మూడింట ఒక శాతం అనుకున్నా అందులో 240 కిలోల నత్రజని ఉంటుంది. అది 45 కిలోల యూరియా బస్తాలు పదకొండు, పన్నెండింటిలో ఉండే నత్రజనికి సమానం. గల్లీలో పేడ ఎండబెట్టే చోటు తగ్గి, పిడకల వాడకం పోయిన తరువాత ఇందులో పెద్ద భాగం కొట్టం కడిగిన నీటితో కాలువల్లోకి, అక్కడి నుంచి మూసీలోకి పోతున్నది. అదే నది దిగువన గడ్డిగా మారి మళ్ళీ నగరపు గేదెకు చేరుతుంది.

ఆ నీటిలో పోషకాలతో పాటు పారిశ్రామిక వ్యర్థాల నుంచి వచ్చే సీసం, కాడ్మియం వంటి భార లోహాలూ ఉంటాయి. పశువు తిన్న మేతలోని లోహాలు ప్రధానంగా కాలేయం, మూత్రపిండాలు, ఎముకల్లో చేరతాయి. పాలలోకి వచ్చే భాగం తక్కువ. తక్కువ అన్న మాట నిర్లక్ష్యానికి అనుమతి కాదు. నిలిచిన నీటిలో పెరిగే గడ్డి ద్వారా కార్జపు జలగల బెడద కూడా ఉంటుంది. నత్రజని అధికమైన గడ్డిలో నైట్రేటు పేరుకునే అవకాశం ఉంది; గడ్డిని ఎండబెట్టినంత మాత్రాన నైట్రేటు పోదు. పచ్చిగడ్డిని చొప్పతోనో వరిగడ్డితోనో కలిపి వేయడం వల్ల మొత్తం మేతలో దాని గాఢత తగ్గుతుంది. పాడి కుటుంబాలు ఖర్చు కలిసిరావడానికి, పేడ పలచబడకుండా ఉండటానికి పాటించే ఈ కలబోత పద్ధతికి ఇటువంటి రక్షణ గుణం కూడా ఉన్నది.

చొప్పను చదివే కన్ను

నగరపు పాడి కుటుంబాల నైపుణ్యానికి అత్యంత బలమైన శాస్త్రీయ సాక్ష్యం జొన్న చొప్ప విషయంలో లభించింది. అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థకు చెందిన మైఖేల్ బ్లూమెల్, ఇక్రిశాట్‌కు చెందిన పి. పార్థసారథి రావు 2004-05లో హైదరాబాద్ చొప్ప వ్యాపారుల వద్ద నమూనాలు సేకరించి 2006లో ఫలితాలు ప్రచురించారు. మండీలో చొప్పకు రాయచూరు, రాయలసీమ వంటి ప్రాంతాల పేర్లు ఉండేవి. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క ధర పలికేది. ప్రయోగశాలలో విశ్లేషించినప్పుడు, ధర ఎక్కువ పలికిన చొప్పకే జీర్ణశక్తి ఎక్కువ ఉన్నట్లు తేలింది. జీర్ణశక్తిలో సుమారు 5 శాతం పాయింట్ల తేడాకు ధరలో 25 శాతం వరకు తేడా కనిపించింది.

ఈ ఫలితానికి ఉన్న అర్థాన్ని తక్కువగా అంచనా వేయరాదు. చొప్ప కొనేవారి చేతిలో ఏ పరికరమూ లేదు. కాండం లావు, తీపి, ఆకు నిలిచిన తీరు, రంగు, తడి పట్టిన మచ్చ, విరిచినప్పుడు వచ్చే చప్పుడు: ఇటువంటి గుర్తులే వారి కొలతలు. మేపిన మరునాడు పాల పాత్రలో కనిపించే తేడా వారి ప్రయోగ ఫలితం. అనేక ఏళ్ళ కొనుగోళ్ళలో ఆ పరిశీలన ధరగా స్థిరపడింది. ప్రయోగశాల దానిని ధ్రువీకరించింది.

ఇందులో పంట ప్రజనన శాస్త్రానికి కూడా పాఠం ఉంది. మొదటి సంకర జొన్న సీఎస్‌హెచ్-1 1964లో విడుదలైంది. గింజ దిగుబడినే లక్ష్యంగా పెట్టుకున్న పొట్టి రకాలను చాలాచోట్ల రైతులు పూర్తిగా ఆదరించకపోవడానికి చొప్ప తగ్గడం ఒక కారణమని తరువాతి అధ్యయనాలు గుర్తించాయి. గింజతో పాటు చొప్ప నాణ్యతను కూడా ఎంపిక లక్షణంగా తీసుకోవాలన్న వాదనకు హైదరాబాద్ మండీ ధరలు ఆధారాన్నిచ్చాయి. ఆ విధంగా గల్లీలోని పాడి కుటుంబం తనకు తెలియకుండానే జొన్న పరిశోధన దిశపై ప్రభావం చూపింది.

అయితే తెలంగాణ మెట్ట భూముల్లో జొన్న స్థానాన్ని పత్తి, మొక్కజొన్న ఆక్రమించాయి. చొప్ప అరుదై ధర పెరిగింది. దాని స్థానంలోకి వచ్చిన వరిగడ్డిలో ముడి మాంసకృత్తులు 3 నుంచి 4 శాతానికి మించవు. సిలికా, ఆక్సలేట్లు ఎక్కువ. కోత యంత్రాలు వచ్చాక ఆ వరిగడ్డి కూడా చాలాచోట్ల పొలంలోనే కాలిపోతోంది. ఎండుమేత నాణ్యత తగ్గినప్పుడు పాల దిగుబడి నిలుపుకోవడానికి దాణా పెంచవలసి వస్తుంది. నగరపు పాడి ఖర్చు పెరగడానికి ఇదొక ప్రధాన కారణం.

బజారు పెట్టే దాణా

పాడికి బేగంబజార్ వినియోగదారులనే కాక దాణానూ సమకూర్చింది. పక్కనే ఉస్మాన్‌గంజ్ ధాన్యపు మార్కెట్ ఉంది. కంది, పెసర, మినుము పప్పు చేసినప్పుడు మిగిలే పొట్టు, నూక కలిసిన చున్నీ, వేరుశనగ చెక్క, పత్తి గింజలు, గోధుమ పొట్టు, వరి తవుడు: ఇవన్నీ మనిషి తినగా మిగిలినవి, పశువుకు పుష్టినిచ్చేవి. ఇంటి వంటలో మిగిలిన గంజి, బియ్యం కడిగిన నీరు కుడితి తొట్టెకు చేరేవి. సరుకు నిల్వ, ధరల హెచ్చుతగ్గులను గమనిస్తూ ఏ వారం ఏ చెక్క చవకగా దొరికితే దానితో దాణా సర్దడం పాడి కుటుంబానికి అలవాటు. కనిష్ఠ వ్యయ దాణా అని పాఠ్యపుస్తకాలు చెప్పే సూత్రాన్ని వారు గణితం లేకుండా ఆచరించారు.

ఇందులో ఒక లోపమూ ఉండేది. చవకను బట్టి ఒక్కసారిగా దాణా మారిస్తే పశువు కడుపులోని సూక్ష్మజీవులు ఆ మార్పును తట్టుకోలేవు. వాన పట్టిన వేరుశనగ చెక్కలో బూజు పెరిగితే అఫ్లాటాక్సిన్ ఏర్పడి పాలలోకి కూడా వస్తుంది. ఈ రెండు విషయాల్లో విస్తరణ సలహా అందితే ప్రయోజనం వెంటనే కనిపించేది. ఆ సలహా అందించడానికి గ్రామంలో ఉన్నటువంటి యంత్రాంగం బజారులో లేదు.

కొట్టం నడిచే తీరు

భూమి ఉన్న కుటుంబంలో అన్నదమ్ములు విడిపోతే పొలాన్ని పంచుకుంటారు. పాడి కుటుంబంలో గేదెలతో పాటు నెలవారీ లెక్కన పాలు పోయించుకునే ఇళ్ళు కూడా వాటాల్లోకి వస్తాయి. మేత వ్యాపారి దగ్గర ఉన్న అరువు పరపతి మరొక ఆస్తి. తెల్లవారుజామున పాలు పితకడం, ఇళ్ళకు చేర్చడం సాధారణంగా పురుషుల పని కాగా, కుడితి కలపడం, పేడ ఎత్తడం, దూడలను చూసుకోవడం, మిగిలిన పాలను పెరుగు, నెయ్యిగా మార్చడం ఎక్కువగా స్త్రీల శ్రమ. రోగం మొదటి లక్షణాన్ని కుడితి తొట్టె దగ్గరే గుర్తించేది వారే. శిక్షణ శిబిరాల ఆహ్వానాలు మాత్రం తరచుగా కుటుంబ యజమాని పేరిటే వెళ్తాయి.

ఈ పద్ధతిలోని అతిపెద్ద బలహీనత వట్టిపోయిన గేదె. గేదె ఈతకు ఈతకు మధ్య సుమారు పదిహేను నెలలు పడుతుంది. అందులో పది నెలలు పాలిస్తే అయిదు నెలలు వట్టిగా ఉంటుంది. పల్లెలో ఆ అయిదు నెలలు గట్టు మీద, కోసిన చేలో మేసి గడుస్తాయి. బజారులో ప్రతి గడ్డి పోచకూ డబ్బు పెట్టాలి. పాలిచ్చే పశువు నిలబడవలసిన స్థలాన్ని వట్టి పశువు ఆక్రమిస్తుంది. బంధువుల ఊరికి తోలి ఈనిన తరువాత తిరిగి తెచ్చుకునే పద్ధతి ఉన్నంతకాలం ఆ గేదె నిలిచింది. ఊరితో సంబంధం సడలిన తరువాత దానిని వ్యాపారికి అమ్మి, మరొక కొత్తగా ఈనిన ముర్రా లేదా డెల్టా ప్రాంతపు గ్రేడెడ్ ముర్రా గేదెను కొనడం పరిపాటి అయింది. ముంబయి, కోల్‌కతా నగరాల తబేలాలలోనూ జరిగింది ఇదే. మేలైన పాడి గేదె మూడవ, నాలుగవ ఈతలోనే కబేళాకు పోతే దాని సంతతి అక్కడితో ఆగిపోతుంది. పాలు మిగుల్చుకోవడానికి మగ దూడను నిర్లక్ష్యం చేయడం, దూడ చనిపోయాక పాలు చేపడానికి ఆక్సిటోసిన్ సూది వేయడం వంటి అవాంఛనీయ, చట్టవిరుద్ధ పద్ధతులు కూడా ఈ ఒత్తిడి నుంచే పుట్టాయి. వీటిని సమర్థించలేము, వాటి మూలం వట్టి కాలపు మేత ఖర్చులో ఉందని గుర్తించకుండా నివారించనూ లేము.

సదర్: దున్నపోతుకు దక్కే గౌరవం

ఇటువంటి వ్యవస్థలో మగ పశువుకు ఏడాదికొకసారి దక్కే గౌరవం సదర్ ఉత్సవం. దీపావళి వెళ్ళిన వెంటనే యాదవ కుటుంబాలు దున్నపోతులకు నూనె పట్టించి, కొమ్ములకు రంగులు వేసి, పూలదండలు, గవ్వల పట్టెడలు, నెమలి ఈకలతో అలంకరించి డప్పుల మధ్య ఊరేగిస్తాయి. నారాయణగూడలో ఈ ఉత్సవాన్ని 1946లో న్యాయం చౌదరి మల్లయ్య యాదవ్ ప్రారంభించినట్లు చెబుతారు. 2024లో తెలంగాణ ప్రభుత్వం దీనికి రాష్ట్ర పండుగ హోదా ఇచ్చింది.

సదర్‌ను వినోదంగా మాత్రమే చూడటం వల్ల దానిలోని పశు ప్రజనన విలువ మరుగున పడుతోంది. మేలైన దున్నను బహిరంగంగా ప్రదర్శించి, దాని ఒడ్డు పొడవు, కాలి బలం, మెడ కట్టు గురించి తెలిసినవారు చర్చించుకునే వేదిక అది. ఇటీవలి సంవత్సరాలలో హర్యానా నుంచి పేరుపొందిన ముర్రా దున్నలను తెప్పించడం గొప్పగా మారింది. ఆ దున్నల తల్లుల పాల దిగుబడి, వీర్య నాణ్యత, వ్యాధి పరీక్షల వివరాలు కూడా అదే వేదికపై ప్రకటించే ఏర్పాటు ఉంటే, పండుగ సంప్రదాయం చెడకుండానే అది ప్రజనన ప్రదర్శనగా ఉపయోగపడుతుంది.

ప్యాకెట్ పాలు, నగర నిబంధనలు

శీతలీకరణ, రైలు రవాణా వచ్చాక పాలు కదలలేవన్న పాత సూత్రం చెల్లలేదు. 1960 దశకంలో యూనిసెఫ్ సహాయంతో చేపట్టిన సమగ్ర పాల పథకం కృష్ణా డెల్టా పాలను హైదరాబాద్‌కు చేర్చే మార్గం వేసింది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ, 1981లో సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. విజయ ప్యాకెట్ ప్రతి వీధికీ చేరింది. పల్లె రైతుకు, నగర వినియోగదారునికి ఇది నిస్సందేహంగా మేలు చేసింది. అయితే గౌలిగూడకు ఆ పేరు తెచ్చిన దూరభారం అనే రక్షణ పోయింది. కళ్ళెదుట పితికిన చిక్కటి గేదె పాలపై నమ్మకం ఉన్న ఇళ్ళు, మిఠాయి దుకాణాలు, చాయ్ హోటళ్ళు మాత్రమే పాడి కుటుంబాలకు మిగిలాయి.

మరోవైపు స్థలం విలువ పెరిగింది. కొట్టం ఉన్న చోట గోదాము కట్టి అద్దెకిస్తే వచ్చే ఆదాయం గేదెలపై రావడం కష్టం. దుర్గంధం, దోమలు, కాలువల్లో పేడ గురించి ఇరుగుపొరుగు చేసే ఫిర్యాదులు కూడా న్యాయమైనవే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో పాడి క్షేత్రాలు, గోశాలలకు పర్యావరణ మార్గదర్శకాలను విడుదల చేసి, పేడ, మురుగునీటి నిర్వహణకు నిబంధనలు విధించింది. వీటిని పాటించేందుకు ఇరుకు గల్లీలో చోటు లేదు.

నగరం వెలుపలికి తరలించడం సహజంగా తోచే పరిష్కారం. ముంబయి తబేలాల కోసం 1949లో ఏర్పాటైన ఆరే మిల్క్ కాలనీ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. వేలాది గేదెలకు షెడ్లు, నీరు, పశువైద్యం అక్కడ సమకూరాయి. అయినా నగరంలో ప్రైవేటు తబేలాలు కొనసాగాయి. వట్టి గేదెల సమస్య తీరలేదు. దశాబ్దాల తరువాత కాలనీ భూమిపైనే ఇతర అవసరాల కన్ను పడింది. షెడ్డును తరలించడం సులభం. మేత, వినియోగదారులు, వట్టి కాలపు ఆశ్రయం కలిసి తరలకపోతే పాత చిక్కులే కొత్త చోట మొలుస్తాయి.

లెక్కలోకి రాని రైతు

2018లో మొదలైన రైతుబంధు పథకం సాయాన్ని ఎకరం లెక్కన ఇచ్చింది. పాల ఉత్పత్తిదారులకు ప్రకటించిన లీటరుకు 4 రూపాయల ప్రోత్సాహకం డెయిరీలకు పాలు పోసేవారికి వర్తించింది. 2017 నాటి గొర్రెల పంపిణీ పథకం గొల్ల, కురుమ కుటుంబాలకు 21 జీవాల యూనిట్‌ను 75 శాతం రాయితీతో అందించింది. ఎకరం లేక, నేరుగా ఇళ్ళకు పాలు అమ్ముతూ, గొర్రెలు తోలే బీడు లేని నగర పాడి కుటుంబం ఈ మూడింటికీ వెలుపలే ఉండిపోయింది. పథకాల ఉద్దేశంలో దోషం లేదు; వాటి కొలమానంలో ఈ కుటుంబం ఇమడలేదు.

ఒక తలుపు మాత్రం తెరిచి ఉంది. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని పశుపోషణకు విస్తరిస్తూ భారతీయ రిజర్వు బ్యాంకు 2019లో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం సొంత లేదా అద్దె షెడ్డు ఉన్న పాడి రైతులు కూడా నిర్వహణ వ్యయానికి రుణం పొందవచ్చు. మేత వ్యాపారి వడ్డీ నుంచి బయటపడటానికి ఇది సాధనం. ఈ విషయాన్ని బజారు కొట్టాల దాకా తీసుకువెళ్ళడం విస్తరణ కార్యకర్త తక్షణం చేయగలిగిన పని.

విస్తరణ శాస్త్రవేత్తలకు కార్యక్రమం

1. మేత చిట్టా: నగరపు ప్రతి పాడి కొట్టానికీ పచ్చిమేత, ఎండుమేత, దాణా ఎక్కడి నుంచి, ఏ నెలలో, ఏ ధరకు వస్తున్నాయో కనీసం ఒక ఏడాది పాటు నమోదు చేయాలి. 2024 అక్టోబరులో మొదలైన 21వ పశుగణన పశువుల సంఖ్య చెబుతుంది. వాటి వెనుక ఉన్న భూమిని తెలుసుకోవడానికి ఈ చిట్టా అవసరం.

2. మూసీ గడ్డి పరీక్ష: గడ్డి, నీరు, నేల, పాలలో భార లోహాలు, నైట్రేటు స్థాయిని కాలానుగుణంగా పరీక్షించి, ఫలితాలను గడ్డి రైతుకు, పాడి కుటుంబానికి తెలుగులో అందించాలి. జలగల మందును పశువైద్యుని సలహాతో నిర్ణీత కాలంలో తాగించాలి.

3. ప్రత్యామ్నాయ పచ్చిమేత: 2017లో మూసీ తీరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. తీర ప్రక్షాళన ముందుకు సాగితే గడ్డి పొలాలు తగ్గుతాయి. శుద్ధి చేసిన నీటితో హైబ్రిడ్ నేపియర్, బహుకోత జొన్న సాగును ముందుగానే ప్రోత్సహించాలి. రాజేంద్రనగర్‌లో రూపొందించిన ఏపీబీఎన్-1 వంటి రకాలు అందుబాటులో ఉన్నాయి. గడ్డి రైతుకు కొత్త పంట సిద్ధమయ్యేలోగా పాత పొలం పోతే కొట్టమూ పోతుంది.

4. వట్టి గేదెల ఆశ్రయం: శివారు గ్రామాల్లోని మహిళా సంఘాలతో ఒప్పందం కుదిర్చి, వట్టి కాలంలో గేదెను మేపి, చూడి నిలిపి, ఈనే ముందు తిరిగి ఇచ్చే ఏర్పాటు చేయాలి. మేపినవారికి దూడలోనో, మేత ఖర్చులోనో న్యాయమైన వాటా ఉండాలి. మేలైన గేదె వంశం కబేళా పాలు కాకుండా ఆపే మార్గాలలో ఇది చౌకైనది.

5. పేడ సేకరణ: కొట్టాల నుంచి రోజువారీ పేడను తరలించి సామూహిక బయోగ్యాస్, కంపోస్టు కేంద్రాలకు చేర్చాలి. 73 టన్నుల పేడ కాలువలో పోతే కాలుష్యం. కంపోస్టుగా శివారు కూరగాయల తోటకు చేరితే ఎరువు.

ముగింపు

బేగంబజార్ పరిసరాల్లో మిగిలిన కొట్టాలు అన్నీ అక్కడే కొనసాగాలని కోరడం వాస్తవిక దృష్టి కాదు. కొన్ని తరలుతాయి, కొన్ని మూతపడతాయి. చదువుకున్న పిల్లలు వేరే ఉద్యోగాల్లోకి వెళ్ళడం వారి హక్కు. వృత్తితో పాటు పోగూడనిది ఆ కుటుంబాల మేత జ్ఞానం. ప్రయోగశాల విశ్లేషణతో సరితూగిన చొప్ప పరీక్ష, ధరను బట్టి దాణా సర్దే నేర్పు, పచ్చిమేతను ఎండుమేతతో కలిపే పాళ్ళు నేడు ఎక్కువగా పెద్దవారి వద్దే ఉన్నాయి. చొప్ప మండీలో ఒక పాడి రైతు కట్టను ఎన్నుకునే తీరును దశలవారీగా నమోదు చేసి, అదే కట్టను ప్రయోగశాలలో విశ్లేషించడం ఒక స్నాతకోత్తర విద్యార్థి పరిశోధనకు సరిపోయే అంశం. రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయ ప్రాంగణానికీ బేగంబజార్‌కూ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆ పనిని ఆరంభించవలసిన కాలం ఆ పెద్దలు మండీకి వస్తున్న కాలమే.